యూనివర్సిటీకి వెళ్తున్న మేనకోడలికి

చిట్టీ,

నీకు ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. "డిగ్రీ దాకా తెలుగు మీడియమే కదక్కా, అక్కడ నెగ్గుకొస్తుందంటావా?" అని అడిగాడు. 1996లో నన్ను పలాస స్టేషన్లో రైలెక్కిస్తూ మీ తాతయ్య కూడా మీ నాన్నమ్మని ఇదే అడిగాడు. నేను కిటికీ పక్కనే కూర్చుని విన్నాను. ఆ మాట చాలాకాలం నన్ను వదల్లేదు. అందుకే ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

ముందు నా సంగతి చెప్తాను. క్లాసులు మొదలైన వారానికే మా సారు బోర్డు మీద మార్జినల్ యుటిలిటీ అని రాసి, ఇది మీకు డిగ్రీలోనే తెలుసుగా అని ముందుకెళ్లిపోయారు. అందరూ తలూపారు, నేనూ ఊపాను. నాకు తెలియలేదు. డిగ్రీలో తెలుగు అకాడమీ పుస్తకంలో 'ఉపాంత ప్రయోజనం' (ఒక సరుకు ఇంకొక్కటి వాడితే అదనంగా దక్కే ప్రయోజనం) పాఠం కామాతో సహా అప్పజెప్పగలిగినదాన్ని. అదీ ఇదీ ఒకటేనని తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది. పక్కనున్న అమ్మాయిని అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడిగితే నవ్వుతారేమోనని అడగలేదు. ఆ మూడు వారాల పాఠాలు పోయాయి, వాటి మీద కట్టిన తర్వాతి పాఠాలూ పోయాయి. ఆ ఏడాది ఆ పేపరు తప్పాను. ఇంట్లో చాలాకాలం చెప్పలేదు. మీ నాన్నకి ఇప్పటికీ తెలీదు.

నీకు తెలివి తక్కువని ఎవరైనా అంటే నమ్మకు. నీకు విషయం తెలుసు, దాని ఇంగ్లీషు పేరు తెలియదు, అంతే. కాబట్టి మొదటి రోజే ఒక లాంగ్ నోట్‌బుక్కు కొని పేజీని మూడు గడులు చెయ్యి. మొదటి గడిలో తెలుగు మాట, రెండో గడిలో ఇంగ్లీషు మాట, మూడో గడిలో మన ఊరి ఉదాహరణ. అవకాశ వ్యయం, ఆపర్చునిటీ కాస్ట్, మీ నాన్న జీడితోట కొట్టేసి కొబ్బరి వేస్తే ఏటా వదులుకోవాల్సిన జీడి డబ్బు. వ్యాకోచత్వం, ఎలాస్టిసిటీ, ఉప్పు ధర పెరిగినా మనం వాడకం తగ్గించం కానీ జీడిపప్పు ధర పెరిగితే పండక్కి కొనేది సగం చేస్తాం. ఇలా రోజుకి ఐదు మాటలు రాసుకుంటే చాలు. పేపరు తప్పాక నేను చేసింది ఇదే. ఆ నోట్‌బుక్కు ఇంకా నా బీరువాలో ఉంది, దాంతోనే ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి పాఠం చెబుతున్నాను. మూడో గడి మాత్రం ఖాళీగా వదలొద్దు. అక్కడ రాయడానికి ఏమీ తట్టలేదంటే ఆ మాట నీకు ఇంకా అర్థం కాలేదని లెక్క.

సార్లనీ మేడమ్‌లనీ అడగడం వేరే పని, అదీ నేర్చుకోవాలి. "సార్, అర్థం కాలేదు" అంటే ఆయన మాత్రం ఏం చెప్పగలరు? పాఠం అయ్యాక ఇంకోసారి చదువు, ఏ లైను దగ్గర ఆగిపోయావో పెన్సిల్‌తో గీత పెట్టు, ఆ పుస్తకం పట్టుకుని వాళ్ల రూముకి వెళ్లు. "ఇక్కడిదాకా వచ్చాను సార్, ఇక్కడినుంచి ఇది ఎలా వచ్చింది?" అను. తెలుగులోనే అను. అలా వచ్చిన పిల్లని కసురుకున్న మాస్టారిని నేను ఎక్కువమందిని చూడలేదు. ఒకాయన కసురుకుంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లు, లేదా పైన పీహెచ్‌డీ చేస్తున్న స్కాలర్లని పట్టుకో. ఓపిగ్గా చెప్పేది ఎక్కువగా వాళ్లే.

సెమినార్‌లో మాట్లాడే వంతు వస్తే తప్పించుకోవద్దు. నా మొదటి సెమినార్‌కి చేతిలో కాగితం వణికి చప్పుడైంది, ముందు బెంచీ వాళ్లకి వినిపించింది కూడా. కాగితం బల్ల మీద పెట్టేసి మాట్లాడాను, కాస్త నయమైంది. "ఏమిటి" అనడానికి మన యాసలో "ఏటి" అన్నందుకు నలుగురు నవ్వారు. నీ యాసకీ నవ్వేవాళ్లు ఉంటారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన జిల్లాలో పుట్టినవారే. తెలుగులో నీ మాట మార్చుకోనక్కర్లేదు, ఇంగ్లీషు మాత్రం కష్టపడి నేర్చుకో. రెండింటినీ కలిపి బాధపడకు.

యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు, అంటే ఇప్పటి విశాఖ, వచ్చింది. తర్వాతి ఏడాదే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలర్‌గా వచ్చి ఐదేళ్లు ఉన్నారు. అన్నేళ్లుగా పోగైన పుస్తకాలు వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో నీకోసం ఉన్నాయి. మొదటి వారమే కార్డు తీసుకో. పరీక్షలప్పుడు చోటు కోసం వెళ్లేవాళ్లు చాలామంది, మామూలు రోజుల్లో వెళ్లేవాళ్లు తక్కువ. నువ్వు మామూలు రోజుల్లో వెళ్లు. ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పత్రిక తీసి వారానికి ఒక్క వ్యాసం చదువు. మొదట్లో ఒక పేజీకి గంట పడుతుంది. పట్టనీ.

స్టాటిస్టిక్స్‌లో, అంటే గణాంక శాస్త్రంలో, పెద్ద పేరున్న సి.ఆర్. రావు గారి సంగతి నీకు చెప్పాలి. లెక్కల్లో పీజీ ఇక్కడే చేశారు. తర్వాత ఇక్కడ రీసెర్చ్ స్కాలర్‌షిప్ దొరకలేదు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అదీ రాలేదు. బస చేసినచోట ఒక దక్షిణాది మనిషి పరిచయమై, నేను స్టాటిస్టిక్స్ ట్రైనింగ్‌కి వచ్చానని చెప్పాడట. అతని వెంట ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చూడ్డానికి వెళ్లి, అక్కడే చేరిపోయారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. ఆ మనిషితో ఆయన మాట కలపకపోయి ఉంటే ఏమయ్యేదో అని నేను అప్పుడప్పుడూ అనుకుంటాను.

అందుకే హాస్టల్ గురించి గట్టిగా చెప్తున్నాను. మెస్‌లో చూడు, మన జిల్లా వాళ్లొక బల్ల, ఫలానా కులం వాళ్లొక బల్ల, తెలియకుండానే సర్దుకుంటారు. మొదటి రోజు ఎవరి పక్కన కూర్చున్నావో రెండేళ్లూ అక్కడే ఉండిపోతావు. వారానికి రెండుసార్లయినా వేరే బల్ల దగ్గర కూర్చో. నా రూమ్మేట్ పాడేరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి, ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) చదివేది. వాళ్ల ఊరి సంతలో ఏ సరుక్కి ఎవరు ధర కడతారో, గిట్టుబాటు ఎవరికో ఆమె రాత్రిళ్లు చెప్పేది. మార్కెట్ల పాఠం నాకు క్లాసులో కంటే ఆ మంచాల మధ్యే బాగా ఎక్కింది. ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తుంది.

శుక్రవారం రాగానే బ్యాగు సర్దుకుని పలాస రైలెక్కేయకు. దగ్గరే కదా అని మనవాళ్లంతా అదే చేస్తారు. క్యాంపస్‌లో స్నేహాలు కుదిరేది, బయటి వాళ్లు వచ్చి ఉపన్యాసాలు ఇచ్చేది, నలుగురూ కలిసి బీచ్ రోడ్డు దాకా నడిచేది ఆ సెలవు రోజుల్లోనే. మొదటి నెల ఏడుపొస్తుంది, ఏడువు. అది తగ్గకపోయినా, నిద్రా తిండీ పోయినా మాత్రం దాచొద్దు, వెంటనే నాకు చెప్పు. నేనే వస్తాను.

ర్యాగింగ్ పేరుతో ఎవరైనా వేధిస్తే సర్దుకుపోవద్దు. మన రాష్ట్రంలో 1997 నుంచి దానికి చట్టం ఉంది, యూనివర్సిటీల బాగోగులు చూసే యూజీసీ వాళ్ల హెల్ప్‌లైన్ 1800-180-5522. ఫోన్లో సేవ్ చేసుకో. ప్రేమ సంగతి నీ ఇష్టం, నేను అడ్డు చెప్పను. నీ చదువు, నీ స్నేహితులు, నీ డబ్బు ఇవి మూడూ నీ చేతిలోనే ఉంచుకో. హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకో. మెస్ బిల్లు బకాయి పెట్టకు, డబ్బు తక్కువైతే మీ నాన్నకి చెప్పే ముందు నాకు చెప్పు.

కాలేజీ లెక్చరర్ అర్హతకి పెట్టే నెట్ పరీక్ష రెండో ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. అందులోనే జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, వస్తే, పీహెచ్‌డీలో చేరాక నెలకి 37,000 ఇస్తారు. ఇది మొదటి రోజు నుంచీ మనసులో పెట్టుకుంటే చాలు, ఇప్పుడే టెన్షన్ వద్దు. ప్రాజెక్టు టాపిక్ అడిగితే మాత్రం ఎక్కడెక్కడివో వెతక్కు. మన పలాస ఫ్యాక్టరీల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లకి రోజుకి ఎంత గిట్టుతోంది, 2018 తిత్లీ తుపానులో కూలిన తోటలు మళ్లీ కాపుకొచ్చేదాకా ఆ ఇళ్లు ఎలా గడిచాయి? ఈ ప్రశ్నలు వెయ్యడానికి నీకున్న చనువు ఇంకెవరికీ లేదు. వాళ్ల పేర్లు నీకు తెలుసు, వాళ్లకి నువ్వు తెలుసు.

మీ నాన్న చేత రెండు కేజీల జీడిపప్పు పంపిస్తున్నాను. ఒక కేజీ నీ రూములో వాళ్లకి. పది రోజుల్లో నాకు జవాబు రాయి. ఆ పది రోజుల్లో ఎవరెవరిని ఏమేం అడిగావో, వాళ్లేం చెప్పారో అన్నీ రాయి. కాగితం మీదే రాయి, నేను దాచుకుంటాను.

మీ అత్త,
నరసన్నపేట