జీతం కాగితంలోని మాటలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఉద్యోగాలకు సంబంధించిన పదాల మీద ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఇక్కడ తీసుకున్నాం. వ్యక్తిగత వివరాలు తొలగించి, ఊరి పేరు మాత్రమే ఉంచాం.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయికి రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 3,60,000 రూపాయల సీటీసీ అని ఉంది. నెలకు 30,000 వస్తుందన్న ధైర్యంతో మోటారు సైకిలు వాయిదాలకు సంతకం చేశాం. తీరా బ్యాంకులో 23,000 మాత్రమే పడింది. మిగతా 7,000 ఏమైనట్లు? పే స్లిప్ నకలు జత చేస్తున్నాను. (చంద్రగిరి)

జవాబు: సీటీసీ అంటే మీ అబ్బాయిని ఉద్యోగంలో ఉంచుకోవడానికి కంపెనీకి ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు. అతని చేతికి వచ్చే జీతం అందులో ఒక భాగం మాత్రమే. మీరు పంపిన కాగితంలో బేసిక్, అంటే మూల వేతనం, 15,000 ఉంది. దాని మీద 12 శాతం చొప్పున కంపెనీ కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) 1,800, పని మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద పక్కన పెట్టినట్లు చూపించినది 721, ఆరోగ్య బీమా ప్రీమియం 479, పనితీరును బట్టి ఏడాది చివర ఇస్తామన్న వేరియబుల్ పే నెలకు 2,000 చొప్పున ఉన్నాయి. ఈ నాలుగూ కలిపితే 5,000 అవుతాయి. మిగిలిన 25,000 గ్రాస్ జీతం, అంటే కోతలకు ముందున్న జీతం. అందులో అబ్బాయి వాటా పీఎఫ్ 1,800, మన రాష్ట్రంలో నెలకు 20,000 దాటిన జీతం మీద కట్టవలసిన వృత్తిపన్ను 200 పోగా 23,000 చేతికి వచ్చింది. ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కోత లేకపోవడం కూడా సరైనదే, ఎందుకంటే దాని జీతం పరిమితి నెలకు 21,000.

మీరు పోయిందనుకుంటున్న 7,000లో పీఎఫ్ రెండు వాటాలూ కలిపి 3,600 నెలనెలా అబ్బాయి పేరు మీదనే పీఎఫ్, పెన్షన్ పథకాలలో జమ అవుతున్నాయి. మీరు జాగ్రత్తగా చూడవలసినవి గ్రాట్యుటీ, వేరియబుల్ పే. గ్రాట్యుటీని నెల లెక్కలో చూపించినా, సాధారణంగా ఐదేళ్ల సర్వీసు నిండకుండా మానేస్తే ఆ డబ్బు రాదు. వేరియబుల్ పే పూర్తిగా వస్తుందన్న హామీ ఉండదు. ఈ రెండింటినీ కలిపి పెద్ద అంకె చూపించడం చట్టవిరుద్ధం కాకపోయినా, మొదటిసారి ఉద్యోగంలో చేరే పిల్లలకు విడమరచి చెప్పకపోవడం తప్పేనని నా గట్టి అభిప్రాయం. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు "గ్రాస్ ఎంత, చేతికి వచ్చేది ఎంత" అని అడిగి, జవాబును ఈమెయిల్‌లో తెప్పించుకోవడం అందరికీ మంచిది.

ప్రశ్న: పదకొండేళ్లుగా ప్రతి మామిడి సీజన్‌లోనూ ఒకే గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పని చేస్తున్నాను. జీతం ఫ్యాక్టరీ వాళ్లే ఇస్తారు. మోకాళ్ల నొప్పులతో ఇక మానేయాలనుకుంటున్నాను. గ్రాట్యుటీ పర్మినెంటు వాళ్లకే గానీ సీజన్ కూలీలకు ఉండదని మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా అండీ? (చిత్తూరు)

జవాబు: నిజం కాదమ్మా. గ్రాట్యుటీ అంటే ఏళ్ల తరబడి చేసిన సేవకు గుర్తింపుగా పని మానేటప్పుడు యజమాని ఇవ్వవలసిన సొమ్ము. 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలోనే సీజన్ కర్మాగారాల గురించి విడిగా రాశారు, కొత్త సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే కొనసాగింది. ఏడాది పొడవునా పనిచేసే వారికి ఏడాదికి 15 రోజుల వేతనం లెక్క కడితే, సీజన్‌లో మాత్రమే పనిచేసే వారికి ఒక్కో సీజన్‌కు 7 రోజుల వేతనం లెక్క కడతారు. ఆ సంవత్సరం ఫ్యాక్టరీ నడిచిన రోజులలో మీరు కనీసం 75 శాతం రోజులు పనికి వచ్చి ఉంటే అది పూర్తి సంవత్సరం సర్వీసు కిందికే వస్తుంది. పదకొండు సీజన్లూ అలా నిండి ఉంటే మీకు 77 రోజుల వేతనం రావాలి. రోజుకు 450 రూపాయలు అనుకుంటే అది 34,650 రూపాయలు.

చిక్కల్లా రుజువు దగ్గరే వస్తుంది. ఒకప్పుడు నేను ఇలాంటి ఒక కర్మాగారంలో హాజరు పుస్తకం చూసేవాణ్ని. తోతాపురి లోడుతో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరిన రోజుల్లో, షిఫ్టు దిగే ఆడవాళ్లు కొంగున కట్టుకున్న హాజరు కార్డును విప్పి నా ముందు పెట్టేవారు. రసం మరకలతో, చెమటతో అట్ట మెత్తబడి, వారం కిందట పెట్టిన టిక్కులు అలుక్కుపోయి ఉండేవి. నా పుస్తకంలో ఉన్నదే ఆమె పని చేసినట్లు సాక్ష్యం, ఆమె చేతిలో ఏమీ మిగిలేది కాదు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధ కలుగుతుంది. అందుచేత మీ దగ్గరున్న కార్డులు, జీతం పడిన బ్యాంకు పాస్ పుస్తకం, పీఎఫ్ లేదా ఈఎస్ఐ నంబరు ఉంటే వాటి కాగితాలు అన్నీ ఒకచోట పెట్టుకొని, యజమానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. గ్రాట్యుటీని 30 రోజులలో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి. నిరాకరిస్తే కార్మిక శాఖలో దీనికోసమే నియమించిన అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: శ్రీసిటీలో నాలుగేళ్లలో మూడు కంపెనీలు మారాను. మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకున్నాను. ఇప్పుడు యూఏఎన్ ఒకటే ఉంటే చాలు, పాత డబ్బు బదిలీ చేసుకోమంటున్నారు. తేడా ఏమిటి? (సత్యవేడు)

జవాబు: యూఏఎన్ అంటే కంపెనీలు ఎన్ని మారినా మారని 12 అంకెల సంఖ్య. దాని కింద ఒక్కో కంపెనీకి ఒక్కో ఖాతా ఉంటుంది. కంపెనీ కట్టే 12 శాతం అంతా పీఎఫ్‌లోకి వెళ్లదు. అందులో 8.33 శాతం, అంటే 15,000 జీతం పరిమితి మీద 1,250 రూపాయల దాకా పెన్షన్ పథకానికి వెళ్తుంది. నెలవారీ పెన్షన్‌కు అర్హత రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. మీరు పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుని ఉంటే ఆ కాలపు సర్వీసు రద్దయి, లెక్క మళ్లీ మొదటికి వచ్చినట్లే. ఐదేళ్లు నిండకముందు తీసిన పీఎఫ్ మీద పన్ను కూడా పడవచ్చు. ఇకపై బదిలీ చేసుకోండి. నామినీ పేరు నమోదు చేయడం మరచిపోకండి, ఎందుకంటే ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల దాకా వచ్చే బీమా కూడా ఈ ఖాతాకే ముడిపడి ఉంది.

ప్రశ్న: మా అన్నయ్యను ఒక కంపెనీ లేఆఫ్ చేసిందని ఇంట్లో అంటున్నారు. కానీ ఆయనను రాజీనామా లేఖ ఇమ్మంటున్నారట. లేఆఫ్, రిట్రెంచ్‌మెంట్, రాజీనామా ఒకటేనా? (తిరుపతి)

జవాబు: మూడూ వేర్వేరు. మన చట్టంలో లేఆఫ్ అంటే ముడిసరుకు, కరెంటు వంటివి లేక, లేదా యంత్రం చెడిపోయి తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం. అప్పుడు ఉద్యోగం పోదు, షరతులకు లోబడి బేసిక్, డీఏ (కరువు భత్యం)లలో సగం ఇవ్వాలి. మనుషులు ఎక్కువయ్యారని శాశ్వతంగా తీసివేయడాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. జనం లేఆఫ్ అంటున్నది చాలావరకు దీనినే. ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడికి నెల రోజుల నోటీసు లేదా ఆ నెల వేతనం, నిండిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. మేనేజర్ స్థాయి వారికి ఈ రక్షణ వర్తించదు.

రాజీనామా అంటే తనంతట తాను మానుకోవడం, అందులో ఆ పరిహారం ఉండదు. అన్నయ్యగారు ఈ వారమే లేఖ ఇవ్వవలసి వస్తే, ముందుగా కంపెనీ ఇచ్చే సొమ్ము వివరాలు రాతలో అడగమని చెప్పండి. తీసివేసినా, రాజీనామా చేసినా, 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం బకాయి వేతనాన్ని రెండు పని దినాలలో చెల్లించాలి. ఆ సొమ్ముకూ ఆయన పెట్టే సంతకానికీ ముడిపెట్టే హక్కు కంపెనీకి లేదు.