పాత డాబా ఇల్లు పడగొట్టాలా, బాగుచేయించుకోవాలా? గుంటూరులో మా ఇంటికి చేయించిన పనుల అనుభవంతో

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: విజయవాడలో నాన్నగారు 1993లో కట్టిన 1200 చదరపు అడుగుల డాబా. శ్లాబు అక్కడక్కడా పెచ్చులూడుతోంది, ఎండాకాలం లోపల ఉండలేకపోతున్నారు, పైన ఇంకో రెండు గదులు కావాలి. బిల్డరు మొత్తం పడగొట్టి కడదామంటున్నాడు. వాతావరణానికి ఏది మేలు, తక్కువ కార్బన్ సామగ్రి మన దగ్గర దొరుకుతుందా అని అడిగారు.

పునాది, పిల్లర్లు బాగుంటే పడగొట్టకండి. ఖర్చు సంగతి పక్కన పెట్టి, ఒక్క కార్బన్ లెక్కే చూసినా ఇదే సమాధానం వస్తుంది.

మన మేస్త్రీల లెక్క ప్రకారం చదరపు అడుగుకు 0.4 కట్ట సిమెంటు, నాలుగు కిలోల లోపు ఇనుము పడతాయి. అంటే 1200 అడుగులకు 480 కట్టలు, 24 టన్నుల సిమెంటు. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాలిస్తేనే సిమెంటు తయారయ్యే క్లింకర్ వస్తుంది. ఆ కాల్చడానికి వాడే బొగ్గు పొగ ఒక ఎత్తైతే, రాయిలోంచే విడిపోయి బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ ఇంకో ఎత్తు. ఈ రెండోదే ఎక్కువ, మొత్తంలో సగానికి పైన. అందుకే బట్టీని సోలార్ కరెంటుతో నడిపినా సిమెంటు కాలుష్యం పూర్తిగా పోదు. మామూలు ఓపీసీ సిమెంటు (బూడిదలాంటివేవీ కలపనిది) టన్నుకు 850 నుంచి 900 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే, మీ కొత్త ఇంటికి సిమెంటు వాటా 20 టన్నుల పైమాట. ఇనుము నాలుగున్నర టన్నులకు ఇంకో 10 టన్నులు. ఇటుకలు, టైల్స్, లారీలు లెక్కలో లేకుండానే 30 టన్నులు దాటింది.

ఇప్పుడు కరెంటు వైపు చూడండి. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి ఏడాదికి 3600 యూనిట్లు. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది, అంటే ఏడాదికి రెండున్నర టన్నులు. ఇల్లు పడగొట్టి కడితే దాదాపు పన్నెండేళ్ల కరెంటు కాలుష్యం గృహప్రవేశం నాటికే గాల్లోకి వెళ్లిపోయిందన్నమాట. కొత్త ఇంటి మీద గ్రీన్ బిల్డింగ్ అని ఎంత పెద్ద బోర్డు పెట్టినా ఆ 30 టన్నులు వెనక్కి రావు. అసలు ఈ లెక్క మన దగ్గర ఎవరూ ఇంటివాళ్లకు చెప్పరు. నాకు బాధ కలిగించే విషయం అదే.

అయితే "బాగుంటే" అన్న మాట తేలాలి. పెచ్చులూడిందని భయపడి నిర్ణయం తీసుకోవద్దు, పైపైన చూసి ఫరవాలేదనీ అనుకోవద్దు. మా ఇంట్లో స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి ముందు సుత్తితో శ్లాబంతా తట్టుకుంటూ వెళ్లాడు. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీశాడు. తర్వాత కాంక్రీటు గట్టిదనం, లోపలి బీటలు తెలిపే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఫినాల్ఫ్తలీన్ పరీక్ష. బాత్‌రూమ్ పక్క పిల్లర్‌కు చిన్న గాటు పెట్టి, దుమ్ము ఊది, ఆ మందు స్ప్రే చేశాడు. లోపలి కాంక్రీటు క్షణంలో ముదురు గులాబీ రంగుకు తిరిగింది. బయటి అంచు మాత్రం రంగు మారకుండా అలాగే ఉండిపోయింది. రంగు రాని మేర కాంక్రీటు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి క్షారగుణం పోగొట్టుకుందని అర్థం. ఆ మేర ఊచలను తాకితే తుప్పు మొదలవుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది. మనం చూసే పెచ్చులు అవే. మా ఇంటిలో ఎక్కువ పిల్లర్లకు ఆ అంచు ఇంకా ఊచల దాకా రాలేదు. బాత్‌రూమ్ వైపు, పోర్టికోలో ఉన్నవాటికి వచ్చేసింది.

వాటికి జాకెటింగ్, అంటే పిల్లర్ చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు, చేయించాం. ముందు శ్లాబుకు జాకీలు పెట్టి బరువు మోయించి, చెడిన కాంక్రీటును ఊచల వెనక్కి వేలు దూరేంత వరకు చెక్కి, వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, జింక్ ప్రైమర్ వేసి, చుట్టూ కొత్త ఊచలు కట్టి మైక్రో కాంక్రీటు పోశారు. శ్లాబులో పెచ్చులకు పాలిమర్ మోర్టార్ సరిపోయింది. ఈ పని తెలిసిన మేస్త్రీలు తక్కువ. తుప్పు మీదే సిమెంటు పూసి సున్నం కొట్టేసే వాళ్లు ఎక్కువ. ఆ పూత రెండు వానాకాలాలు కూడా నిలవదు. కాబట్టి పని జరుగుతున్నప్పుడు ఇంటి మనిషి ఒకరు పక్కనుండాలి. పునాది నల్లరేగడిలో కుంగి గోడలు అడ్డంగా చీలినా, చాలా పిల్లర్లలో ఊచలు సన్నబడిపోయినా, అప్పుడు పడగొట్టడమే సబబు. ప్రాణం కంటే కార్బన్ లెక్క పెద్దదేమీ కాదు.

ఇక వేడి సంగతి. చాలామంది ఇక్కడ సోలార్ ప్యానెళ్లతోనో కొత్త ఏసీతోనో మొదలుపెడతారు. నా సలహా పైకప్పుతో మొదలుపెట్టమని. డాబాకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ నెత్తిన పడుతుంది, శ్లాబు దాన్ని దాచుకుని రాత్రంతా గదిలోకి వదులుతుంది. మే నెలలో రాత్రి పదింటికి మా సీలింగ్‌కు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలేది. లీకులు ముందు సరిచేయించి, తర్వాత తెల్లని కూల్ రూఫ్ రంగు వేయించాం. కొనేటప్పుడు ఎస్ఆర్‌ఐ ఎంత అని అడగండి, ఎండలో పైకప్పు ఎంత చల్లగా ఉంటుందో చెప్పే అంకె అది. ప్రామాణిక నలుపుకు 0, తెలుపుకు 100 అని ఆ కొలత. అందుకే అంకె పెద్దదైతే మంచిది. దుమ్ము పడితే పనితనం తగ్గుతుంది, వేసవికి ముందు కడగాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. డబ్బు ఇబ్బందైతే సున్నంలో ఫెవికాల్ కలిపి కొట్టినా ఆ వేసవి వరకు తేడా తెలుస్తుంది. మా రంగు తర్వాత ఏసీ వేసుకునే గంటలు బాగా తగ్గాయి, అమ్మానాన్నలు ఫ్యాను కింద పడుకోగలుగుతున్నారు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. మన కోస్తాలో ఉక్కపోత ఇంకా ఎక్కువ. ఇలాంటిది ఆంధ్రలో కూడా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పడమటి గోడ రెండో శత్రువు. కిటికీకి లోపల కర్టెన్ కడితే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. సజ్జ పొడిగించడం, బయట వట్టివేళ్ల తడక కట్టడం, తీగ పాకించడం, ఇవన్నీ కర్టెన్ కంటే మెరుగు. ఫ్యాన్లు 75 వాట్లవి తీసి 30 వాట్ల బీఎల్‌డీసీవి పెట్టుకోండి. ఏసీ కొనడం ఈ పనులయ్యాకే పెట్టుకోండి, చిన్న టన్నేజీ సరిపోవచ్చు.

పైన రెండు గదులు వేయాలన్నారు కదా, తక్కువ కార్బన్ సామగ్రి అవసరం నిజంగా అక్కడే వస్తుంది. పాత పునాది మీద బరువు పడుతుంది కాబట్టి మొదట ఇంజనీరు ఒప్పుకోవాలి. గోడలకు ఏఏసీ బ్లాకులు వాడండి, మన వాళ్లు లైట్ వెయిట్ ఇటుకలంటారే, అవే. మట్టి ఇటుక బరువులో మూడో వంతే ఉంటాయి, వేడిని కూడా బాగా ఆపుతాయి. మీకు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పక్కనే కాబట్టి ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా మిగిలే బూడిద) ఇటుకలు సులువుగా దొరుకుతాయి. బట్టీలో కాల్చే పని లేదు కనుక కాలుష్యం తక్కువ, పొలం మట్టి మిగులుతుంది. సిమెంటు లేకుండా ఫ్లైయాష్, సున్నం, జిప్సంతో ఇటుక చేసే ఫాల్-జీ పద్ధతి పుట్టింది మన విశాఖపట్నంలోనే. కానీ అవి బరువైనవి, చల్లదనంలో మట్టి ఇటుకకు పెద్ద తేడా ఉండదు. కాబట్టి కింద పిట్టగోడకో ప్రహరీకో వాడుకోండి. రెండు ఇటుకలు కొట్టి చూసి, ఒకటి రాత్రంతా నీళ్లలో నానబెట్టి అంచులు రాలుతున్నాయేమో చూడనిదే లోడు దించుకోకండి.

సిమెంటు దగ్గర మీరు చేయగలిగింది చాలానే ఉంది. కట్ట మీద పీపీసీ అని ఉంటే అందులో 15 నుంచి 35 శాతం ఫ్లైయాష్ ఉంటుంది, పీఎస్‌సీ అయితే 25 నుంచి 70 శాతం ఉక్కు కర్మాగారాల్లో మిగిలే చిట్టెం, అంటే స్లాగ్. అంతమేరకు క్లింకర్ తగ్గినట్టే, ధర కూడా సాధారణంగా ఓపీసీ కంటే ఎక్కువ ఉండదు. బందరు వైపు ఉప్పునేలలకు స్లాగ్ సిమెంటు మరీ మంచిది. "పీపీసీకి బలం ఉండదు, శ్లాబుకు ఓపీసీ 53 గ్రేడే వేయాలి" అని మా మేస్త్రి కూడా పట్టుబట్టాడు. నిజం ఏమిటంటే దానికి బలం నెమ్మదిగా వస్తుంది. మన ప్రమాణం ఐఎస్ 456 ఓపీసీకి కనీసం 7 రోజులు, ఇలాంటి సిమెంట్లకు కనీసం 10 రోజులు నీళ్లు పట్టమంటుంది, ఎండల్లో 14 రోజులు మంచిదంటుంది. సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో కూడా మేస్త్రి తొందరను బట్టి కాకుండా ఇంజనీరునడిగి తేల్చండి. మేం శ్లాబు మీద మట్టితో గట్లు కట్టి రెండు వారాలు నీళ్లు నిలబెట్టాం, ఒక్క బీట రాలేదు.

కాల్చిన మట్టి, సున్నపురాయి పొడి కలిపి క్లింకర్‌ను సగానికి తగ్గించే ఎల్‌సీ3 సిమెంటు గురించి కూడా మీరు విని ఉంటారు. స్విట్జర్లాండ్, క్యూబా వాళ్లతో కలిసి ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేశాయి. 2023లో ఐఎస్ 18189 పేరుతో బీఐఎస్ ప్రమాణం కూడా వచ్చింది. కాలుష్యం 40 శాతం దాకా తగ్గుతుంది. గుంటూరు షాపుల్లో నేను అడిగినప్పుడు కట్టల్లో దొరకలేదు. మీరూ అడగండి. అడిగేవాళ్లుంటేనే డీలర్లు తెప్పిస్తారు.

సిమెంటు మార్చడం కంటే తక్కువ వాడటం ఇంకా మేలు. మా పై గదికి ఫిల్లర్ శ్లాబు వేయించాం, కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ బాగా వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి. శ్లాబు కింది భాగంలో కాంక్రీటు పెద్దగా బరువు మోయదు, అక్కడ లాగుడును మోసేది ఇనుమే. కాబట్టి ఊచల గళ్ల మధ్య పాత మంగళూరు పెంకులు రెండేసి, ఒకదానిపై ఒకటి బోర్లించి, నీళ్లతో తడిపి పెట్టి, పైన కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు దాదాపు పావు వంతు మిగిలింది, పెంకుల మధ్య గాలి వల్ల వేడీ తగ్గింది. పెంకులు ఓ పాత ఇంటివి, చవగ్గా వచ్చాయి. డిజైన్ మాత్రం ఇంజనీరు గీయాల్సిందే, మేస్త్రి అంచనాతో వేయించొద్దు.

ఇంకో మాట. ఎలివేషన్ కోసం ముందువైపు అద్దాలు, ఏసీపీ (అల్యూమినియం) షీట్లు పెట్టమని ఎవరైనా అంటే వద్దనండి. మన ఎండకు అవి ఏసీ బిల్లు పెంచడానికే పనికొస్తాయి. పాత టేకు గుమ్మాలు, కడప బండలు పారేయకుండా మళ్లీ వాడుకోండి.

బిల్డరుకు అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ పరీక్షలు చేయించండి. పరీక్ష చేసే ఇంజనీరుకూ ఆ బిల్డరుకూ సంబంధం లేకుండా చూసుకోండి. రిపోర్టులో పిల్లర్ల గురించి ఏం వచ్చిందో, పునాది ఎంత లోతులో ఉందో ఇక్కడ రాస్తే, జాకెటింగ్ కొటేషన్‌లో ఏమేం ఉండాలో వివరంగా చెబుతాను.