స్టూడియోలో తీసే పోర్ట్రెయిట్లు చప్పగా, వెనక నల్లటి నీడతో వస్తున్నాయి. ఏం మార్చాలి?

ముందు మనిషిని వెనకున్న తెర నుంచి దూరం జరపండి. చిన్న స్టూడియోల్లో చాలామంది తెరకు ఆనించినట్టే నిలబెడతారు, నీడ అక్కడే పడుతుంది. కనీసం 5, 6 అడుగులు వదిలితే నీడ నేల మీదకు దిగిపోతుంది, తెర మడతలు కూడా మసకబారతాయి.

తర్వాత లైటు. రెండు వైపులా సమానంగా రెండు లైట్లు పెడితే ముఖంలో లోతు పోతుంది. ఒక్క సాఫ్ట్‌బాక్స్, అంటే ముందు తెల్ల గుడ్డ ఉన్న పెట్టెలాంటి లైటు, చాలు. ముఖానికి సుమారు 45 డిగ్రీల పక్కగా, కంటి కంటే కాస్త పైన ఉంచి, ఫ్రేములో పడనంత వరకు దగ్గరకు తెండి. దగ్గరైన కొద్దీ వెలుగు మెత్తబడుతుంది. లైటు నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, లైటు దగ్గరగా ఉన్నప్పుడు వెనకున్న తెల్ల తెర కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. నాకైతే ఆ బూడిద రంగే ఇష్టం, పట్టుచీర రంగులు దాని మీద బాగా నిలుస్తాయి. లైటుకు ఎదురుగా, ముఖం రెండో వైపు తెల్ల థర్మాకోల్ షీటు పెట్టండి, అది వెలుగును తిప్పికొట్టి అటువైపు నీడను తేలిక చేస్తుంది. చామనఛాయ ముఖాలను తెల్లగా చేయాలని ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి తీసుకునే వెలుగు) పెంచకండి, దయచేసి. ఆ రంగులోనే అందం ఉంది.

పోజుకు, భుజాలు కొద్దిగా పక్కకు తిప్పి, బరువు వెనక కాలి మీద వేయమనండి. గడ్డం కాస్త ముందుకు చాచి కిందకు దించితే దవడ గీత తేలుతుంది. "నవ్వండి" అనకుండా పిల్లల గురించో, ఊరి గురించో అడగండి. జవాబు చెప్పి ఆగిన క్షణంలో క్లిక్ చేయండి.