‘మా’ అంటే ఎవరు?

సందేహం: ‘మాలో విభేదాలు’ అనే శీర్షిక చూసి ఎవరిలోనో అనుకున్నాను. లోపల చదివితే అది సినీ నటుల సంఘం గురించి! ఇంగ్లీషు పొడి అక్షరాలతో పుట్టిన ఈ ‘మా’కు మన విభక్తులు చేర్చవచ్చా? సంస్కృతంలోనూ ‘మా’ ఉందంటారు, నిజమేనా?

సమాధానం: నిజమే. ముందు సంస్కృతం సంగతే చెప్పనివ్వండి. అక్కడ ‘మా’ అంటే ‘వద్దు’. వాల్మీకి శోకం శ్లోకమైనప్పుడు తొలి మాట అదే: ‘మా నిషాద ప్రతిష్ఠాం త్వమగమః శాశ్వతీః సమాః’. క్రౌంచాల జంటలో ఒకదాన్ని కొట్టిన బోయవాణ్ణి, నీకు ఏనాటికీ నిలకడ లేకపోవుగాక అని శపించడం పైకి కనిపించే అర్థం. అయితే ‘మా’ అంటే లక్ష్మి కూడా. అందుకే వ్యాఖ్యాతలు ‘మానిషాద’ అని కలిపి చదివి, లక్ష్మికి నెలవైనవాడా అంటూ విష్ణువును పిలిచినట్టు చెప్పారు. శాపం కాస్తా మంగళవాక్యమైంది!

ఇక కాళిదాసు. తపస్సుకు బయలుదేరిన కూతుర్ని మేనాదేవి ‘ఉ మా’, అంటే ‘అమ్మాయీ, వద్దు’ అని వారించిందనీ, అందుకే పార్వతికి ఉమ అనే పేరు వచ్చిందనీ కుమారసంభవంలో అంటాడు. భాషాశాస్త్రం ఒప్పుకోకపోతే పోనీ, తల్లి బెంగే బిడ్డకు పేరు కావడం కంటే అందమైన వ్యుత్పత్తి నాకు తెలియదు.

హిందీ ‘మా’ అమ్మ. మాధవుడిలో ‘మా’ లక్ష్మి.

తెలుగు ‘మా’ వేరే. వినేవాణ్ణి కలుపుకుంటే ‘మన’, బయట ఉంచితే ‘మా’. సంస్కృతానికీ ఇంగ్లీషుకూ లేని ఈ తేడాను మనవాళ్లే చెరిపేస్తున్నారు. ‘మా ఆవిడ’, ‘మా నాన్న’ అనే ఇంటి మాటలు వదిలి ‘నా వైఫ్’, ‘నా ఫాదర్’ అంటుంటే మనసు చివుక్కుమంటుంది. ఒక్కడే మాట్లాడుతున్నా ‘మా’ అనడంలో ఇల్లంతా ఉంది కదా!

మీ శీర్షిక విషయానికొస్తే, 1993లో ఏర్పడిన మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్‌కు ‘మా’ పొట్టి పేరు. పేరు కాబట్టి విభక్తి చేర్చడం తప్పు కాదు. చిక్కల్లా సర్వనామంతో రూపం కలిసిపోవడమే: మాకు, మాతో, మాలో అన్నీ ఒకటే. అందుకని రాతలో ‘మా’ను కొటేషన్లలో పెట్టి, ఆ తర్వాత విభక్తి రాయాలి. ఆ శీర్షిక రాసినవారు ఆపాటి శ్రద్ధ చూపవలసింది. వార్తలు చదివేటప్పుడు కొటేషన్లు వినపడవు గనుక ‘నటుల సంఘం’ అనడమే మేలని నాకు తోస్తుంది. వాడుక ఎటు మొగ్గుతుందో చూడాలి.