సర్పి మాత్రల గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, అత్త దీవించి వ్రాయునది.

మీ నాయనకు నడుము మీద సర్పి లేచిందని, జాజు, అదే ఎర్రమట్టి, పూయిద్దామన్న పెద్దల మాట కాదని నువ్వు రెండో రోజే ప్రొద్దుటూరుకు తీసుకుపోయి చర్మవైద్యుడికి చూపించావని, సెలవు పెట్టి వారమంతా దగ్గరుండి మాత్రలు మింగిస్తావని వదిన చెప్పింది. నర్సునై ఉండి కూడా ఆ ఇంట్లో నేను చెల్లించుకోలేని మాటను నువ్వు చెల్లించుకున్నావు. సంతోషమే గాని, నాకు నిద్ర పట్టలేదు.

ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు 5 సార్లు, 7 రోజులు వేయాలి. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది అని గోడ మీద రాసిపెట్టు. మంట తగ్గిందని నాలుగో రోజున మానేస్తే ఊరుకోను.

మీ జేజినాయనకు సర్పి నుదుటి మీద, కుడివైపున వచ్చింది. ముందు రెండు రోజులు ఉత్త మంటే. ఎండదెబ్బ అనుకుని నొప్పి మందు రుద్దారు. తరువాత ఎర్రటి చర్మం మీద నీటి పొక్కులు గుంపుగా లేచాయి. సర్పి తల, తోక కలిస్తే ప్రాణం పోతుందన్న భయంతో జాజుతో సింహం బొమ్మ గీయించాలన్నారు. అదీ ఆదివారమే గీయించాలని ఆగారు. అది ఒక నరం వెంబడి ఒకవైపే నడిచే జబ్బని, చిన్ననాటి ఆటలమ్మ పురుగే నరం మొదట్లో ఏళ్ల తరబడి దాగి మళ్లీ లేస్తుందని ఎవరూ వినలేదు. అప్పటికే కడపలో ఈ మాత్రలు దొరికేవి. ఇవి ఆ వైరస్‌ను చంపవు, పెరగకుండా ఆపుతాయి. కనుక పొక్కులు లేచిన 72 గంటలలోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. ఆదివారం వచ్చేసరికి ముక్కు కొన మీద పొక్కు లేచింది. కంటికి పోయే నరమే ముక్కు కొనకూ పోతుంది. ఆ కన్ను మసకబారి మళ్లీ తేరుకోలేదు. పొక్కులు మానిన తరువాత కూడా తలగుడ్డ అంచు తగిలితే ఆ మనిషి కేక పెట్టేవాడు.

నడుము మీద వచ్చినదానికి కంటి గోల ఎందుకత్తా అంటావు. అయినా రోజూ ఒకసారి ఆయన ముఖం చూడు, నా కోసమే అనుకో.

ఈ మందు మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. మీ నాయనకు షుగరుంది, పైగా జమ్మలమడుగు ఎండలు. నీళ్లు, మజ్జిగ అడగకుండానే ఇస్తూ ఉండు. మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే డాక్టరు మోతాదు తగ్గిస్తాడు. మనిషి అయోమయంగా మాట్లాడినా, మూత్రం తగ్గినా వెంటనే తీసుకుపో. చెక్కు రాలిన తరువాత నొప్పి మిగిలితే దానికి వేరే మందులున్నాయి, ఓర్చుకొమ్మని చెప్పవద్దు.

నీ పెదవి మీద అప్పుడప్పుడు లేచే పొక్కులకూ ఈ మందే ఇస్తారు గాని మోతాదు వేరు. నాయన మాత్రలు నువ్వు మింగేవు, జాగ్రత్త.

మీ తమ్ముడి భార్య కడుపుతో ఉంది కదా, చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందో లేదో వాళ్లమ్మను అడుగు. పోయకపోతే, పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా ఆ పిల్లను పుట్టింట్లో ఉంచండి. ఆ నీరు తగిలితే ఆమెకు ఆటలమ్మ రావచ్చు. పొక్కుల మీద శుభ్రమైన బట్ట కప్పి ఉంచు. క్రియాటినిన్ ఎంత వచ్చిందో కాగితం చేతికి రాగానే ఫోను చెయ్యి.

నీ మేనత్త