పాత ట్రాక్టర్‌లో బిగుసుకుపోయిన హైడ్రాలిక్ పైపును పాడవకుండా ఎలా తీయాలి?

పైపు పాడవకుండా తీయాలన్న ఆలోచన ముందు మానుకోండి. బండికి ఇరవై ఏళ్లు దాటాయని, పంపు నుంచి, వెనక పనిముట్లను ఎత్తే లిఫ్టుకు వెళ్లే ఇనుప పైపు నట్టు ఎంత తిప్పినా కదలడం లేదని రాశారు. అంత పాత పైపు తుప్పుకి ఎప్పుడో పలచబడి ఉంటుంది. నానా తంటాలు పడి ఊడదీసి, మళ్లీ అదే బిగిస్తే సరిగ్గా పని మధ్యలో చిల్లు పడుతుంది. మీరు కాపాడుకోవాల్సింది ఆ నట్టు కూర్చున్న మరను, అంటే నట్టు ఎక్కే చుట్ల గాడిని. పంపు బాడీలోనో, లిఫ్టు హౌసింగ్‌లోనో మర చెడిందంటే లేత్ వర్క్‌షాపుల చుట్టూ తిరగాలి, ఈలోగా సీజన్ దాటిపోతుంది. పైపుదేముంది, పాతది పట్టుకెళ్లి చూపిస్తే అదే కొలతకు చేసిస్తారు.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఒక సార్వాకి (వానాకాలం వరికి) కాలువ నీళ్లు వచ్చి, నారు ముదురుతుండగా, దమ్ములో (నాటుకి ముందు బురద దున్నకంలో) ఉన్న మా బండి రోటావేటర్ లేవడం మానేసింది. చూస్తే డెలివరీ పైపు పంపు నట్టు దగ్గరే నెర్రిచ్చి ఆయిల్ చిమ్ముతోంది. పిలిపించిన మెకానిక్ వస్తూనే పైపు పానా పట్టించాడు. నట్టు మూలలన్నీ గుండ్రంగా అరిగిపోయాయి. తర్వాత ఉలి, సుత్తి తీశాడు. దెబ్బ పడినప్పుడల్లా పంపు మొత్తం అదురుతోంది. గట్టు మీద కూర్చున్న మా పెదనాన్న లేచి వచ్చి సుత్తి పట్టుకున్నాడు. "ఆగరా అబ్బాయ్. అది పోత పోసిన బాడీ. పగిలితే ఇంకో పంపు నువ్వు తెస్తావా?" అన్నాడు. ఆయన చెరుకు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి.

ఆయన చేసిందే మీకూ చెబుతున్నాను. నట్టుకి అంగుళం ఇవతల పైపును హ్యాక్సా బ్లేడుతో కోసేశాడు. కోసే ముందు బ్లేడుకి గ్రీజు పూశాడు. అప్పుడు ఇనుప రజను దానికే అంటుకుంటుంది, పంపులోకి పోదు. అరిగిన నట్టు పక్కలను ఆకురాయితో రాకి, ఒక సైజు తక్కువ పానా సరిపోయేలా చేశాడు. కాస్త డీజిల్ మర మొదట్లో పోసి, అందరినీ అన్నాలకి వెళ్లమన్నాడు. ఈ నానబెట్టే ఓపికే ఎవరికీ ఉండదు! సాయంత్రం పొడవాటి గొట్టం పానా, ఆరు మూలలది, నట్టు మీద కొట్టి కూర్చోబెట్టాడు. నట్టు వెనకున్న నిపుల్ (నట్టు ఎక్కే మర ముక్క) కూడా తిరగకుండా ఇంకో పానాతో దాన్ని పట్టి ఉంచమన్నాడు. ముందు బిగించే వైపే కాస్త నొక్కి, ఆ తర్వాత వదులు చేసే వైపు తిప్పాడు. టక్కుమని శబ్దం వచ్చింది. లోపల మర కొత్తదానిలా మెరుస్తూ ఉంది.

గ్యాస్ మంటతో వేడి చేస్తే వస్తుందని మీకు చాలామంది చెబుతారు. వస్తుంది, నిజమే. కానీ ఆయిల్ తడి, దగ్గర్లో రబ్బరు గొట్టాలు, పంపు లోపల సీళ్లు ఉన్న చోట మంట పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. పంపు బండి మీద ఉండగా ఆ పని చేయనివ్వకండి.

పానా పెట్టే ముందు తప్పకుండా చేయాల్సింది ఒకటుంది. లిఫ్టును పూర్తిగా కిందకి దించి, ఇంజిన్ ఆపి, లివర్‌ను పైకీ కిందకీ ఆడించండి. మిగిలిన ప్రెజర్ పోతుంది. ట్రాలీ జాకీ పైపు అయితే తొట్టి కిందకి దిగి ఉండాలి. దిగకపోతే గట్టి దుంగలతో ఆపు పెట్టకుండా కిందకి వెళ్లకండి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూసే అలవాటు చాలామందికి ఉంది. కారు టైరులో గాలి రెండు బార్లకు అటూఇటూ ఉంటే, ఈ పైపులో 150 బార్ దాటుతుంది. సూది బెజ్జమంత చిల్లు నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినంతే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అలా అయితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. లీకు వెతకడానికి అట్టముక్క అడ్డం పెడితే చాలు.

అసలు ఈ నట్లు ఇలా ఎందుకు పట్టేస్తాయి? దమ్ము బురదతో బండిని అలాగే చావిట్లో పెట్టేస్తాం. అదే ట్రాలీలో యూరియా బస్తాలు వేస్తాం, చిరిగిన బస్తాల పొడి చెమ్మ తగిలి ఇనుమును తినేస్తుంది. ఎద్దులున్న రోజుల్లో పొద్దుగూకితే వాటిని కడగకుండా ఇంటికి తెచ్చేవాళ్లు కాదు. లక్షలు పోసి కొన్న బండికి ఒక బిందెడు నీళ్లు, నట్ల మీద కాస్త గ్రీజు కరువా? ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక కొత్త పైపు. కొట్టుకి వెళ్లేటప్పుడు పాత ముక్కలు రెండూ, నట్టుతో సహా తీసుకెళ్లండి. చూపుకి ఒకేలా ఉన్నా మరలు వేరుగా ఉంటాయి, బలవంతంగా ఎక్కిస్తే ఇంత కష్టమూ వృథా. ఈలోగా పంపు నోటికి శుభ్రమైన ప్లాస్టిక్ కవరు కట్టండి. కొళాయి వాళ్లు చుట్టే తెల్ల టేపు ఈ నట్లకు చుట్టనివ్వకండి. ఇక్కడ ఆయిల్‌ను ఆపేది పైపు మూతి, మర కాదు. టేపు పీలికలు వాల్వులో ఇరుక్కుంటే ఇంకో తలనొప్పి. మా పైపు నెర్రివ్వడానికి కారణం కూడా తీశాకే తెలిసింది. దాన్ని బాడీకి పట్టి ఉంచే క్లాంపు ఎప్పుడో ఊడిపోయి, ఇంజిన్ అదురంతా నట్టు దగ్గరే పడుతోంది. మీ బండికి క్లాంపు ఉందో లేదో చూసి, లేకపోతే కొత్త పైపుతో పాటే వేయించండి.