‘నర్సుగానే పనిచేస్తున్నావు కదా, మళ్లీ నర్సింగ్ చదువెందుకు?’ అంటున్నారు

ప్రశ్న: నా వయసు 26. మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసయ్యాను కానీ, ఇంట్లో ఇబ్బందుల వల్ల రెండేళ్ల ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఏఎన్ఎం) కోర్సు చేసి, అయిదేళ్లుగా ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తున్నాను. జీతం నెలకు 11,000 రూపాయలు. మాకు నాలుగేళ్ల పాప ఉంది. మా ఆయనకు మోటార్లు రివైండింగ్ చేసే షాపు ఉంది. ఈ ఏడాది ప్రవేశ పరీక్ష రాస్తే ఖమ్మంలో బీఎస్సీ నర్సింగ్‌కు కన్వీనర్ కోటాలో సీటు వచ్చింది. చేరడానికి ఇంకా పన్నెండు రోజులే గడువు ఉంది. చదివితే మంచి జీతం వస్తుందని ఇంట్లో చెబితే, ‘నాలుగేళ్లు నీ జీతం పోతే అయిదు లక్షల పైన నష్టం’ అని మా ఆయన లెక్క చెప్పారు. అప్పటి నుంచి సరిగా మాట్లాడడం లేదు. ఒకసారి మాత్రం ‘డిగ్రీ వచ్చాక నన్ను లెక్కచేస్తావా’ అన్నారు. మా అత్తయ్య ‘ఇప్పుడూ నర్సువే, అప్పుడూ నర్సువే, ఏఎన్ఎం గవర్నమెంటు ఉద్యోగం పడేదాకా ఉన్నచోటే ఉండు’ అంటున్నారు. పగలు కాలేజీకి వెళ్లి, రాత్రులు నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ చేస్తానని చెప్పినా ఒప్పుకోవడం లేదు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా నర్సింగ్ హోమ్ వాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఇంకొక విషయం. పోయిన వానాకాలంలో ఒక రాత్రి, డాక్టరు గారు ఫోన్లో చెప్పిన యాంటీబయాటిక్ ఒక పెద్దాయనకు ఐవీలో (నరంలోకి) ఇచ్చాను. అయిదు నిమిషాల్లో ఆయన ముఖం వాచి ఊపిరాడక కొట్టుకున్నాడు. ఏం చేయాలో తెలియక నిలబడిపోయాను, పై అంతస్తు నుంచి డాక్టరు గారు పరుగెత్తుకొచ్చి కాపాడారు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జీతం, సీటు, సర్టిఫికెట్లు, అత్తగారి మాటలు అన్నీ రాసి, చివర ‘ఇంకొక విషయం’ అంటూ నాలుగు వాక్యాలు చేర్చారు. నాకు ఆ నాలుగు వాక్యాలే అసలు ఉత్తరంగా కనిపించాయి. మీరు చదవాలనుకుంటున్నది ఆ రాత్రి వల్ల. కానీ ఇంట్లో మాత్రం రేపు రాబోయే జీతం గురించి మాట్లాడారు. మీరు డబ్బు మాట ఎత్తారు కనుక మీ భర్త డబ్బుతోనే జవాబు చెప్పారు, ఆయన వేసిన లెక్కలో తప్పు కూడా లేదు: నెలకు 11,000 చొప్పున 48 నెలలకు 5,28,000 రూపాయలు. ఆ లెక్కను ఇంకొక లెక్కతో కొట్టివేయాలని చూసినంతకాలం ఈ వాదన తెగదు.

ముందు ఆ రాత్రి గురించి చెబుతాను. నేను వైద్యుణ్ని కాను. అయితే కొన్నేళ్లపాటు ఒక నర్సింగ్ కాలేజీలో విద్యార్థినులకు కౌన్సెలర్‌గా ఉన్నాను, ఇలాంటి రాత్రుల గురించి చాలామంది నాకు చెప్పుకున్నారు. మీరు చూసింది మందు పడక వచ్చే తీవ్రమైన రియాక్షన్ కావచ్చు. దాన్ని అనఫిలాక్సిస్ అంటారు. అది ఎంత అనుభవం ఉన్నవారు ఇచ్చిన మందుకైనా రావచ్చు. తేడా ఆ తరువాతి నిమిషాల్లో ఉంటుంది. మందు ఎక్కించే ముందు గతంలో ఏ మందైనా పడలేదా అని అడగడం, ఇచ్చాక కొంతసేపు మంచం పక్కనే నిలబడడం, లక్షణం కనబడగానే మందు ఆపి కేక వేయడం, అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ కండరంలోకి ఇవ్వాలని తెలిసి ఉండడం, అది ట్రేలో ఎక్కడుందో చీకట్లోనైనా చేతికి తెలిసి ఉండడం – ఇవన్నీ ఎవరో కూర్చోబెట్టి నేర్పితే, పదేపదే చేయిస్తే వచ్చేవి. మీకు ఎవరూ నేర్పలేదు. వార్డులో ఒక్కరినే ఉంచి, ఫోన్లో ఆర్డరు చెప్పి, ఐవీ మందులు ఇప్పించడం ఆ నర్సింగ్ హోమ్ చేసిన తప్పు. మీరు నిలబడిపోయారంటే మీకు మనసు లేదని అర్థం కాదు. ఆ పెద్దాయన ముఖం ఇప్పటికీ మీ కళ్లముందు ఉంటే, నిద్రలో ఉలిక్కిపడి లేస్తూ ఉంటే, దాన్ని లోపలే దాచుకుని ఇంకొక డ్యూటీకి వెళ్లకండి. అక్కడ ఇంకా పనిచేసే ఈ కొద్ది రోజుల్లో రాతపూర్వకమైన ఆర్డరు లేకుండా, డాక్టరు దగ్గరలో లేకుండా ఇంజెక్షన్ ఇవ్వనని మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పండి.

మీ అత్తగారి ప్రశ్నను తీసిపారేయవద్దు. ఊళ్లో తెల్లకోటు వేసుకున్న ప్రతి అమ్మాయినీ నర్సమ్మ అనే అంటారు, కాబట్టి ఆమెకు తేడా తెలియకపోవడం సహజం. ఏఎన్ఎం చదువు చిన్న చదువు కాదు. పల్లెలో గర్భిణుల పేర్లు రాసుకుని, టీకాలు వేసి, బాలింత ఇంటికి నడిచి వెళ్లి చూసే పని కోసం ఏర్పాటైన చదువు అది, సబ్‌సెంటర్లు వాళ్ల మీదే నడుస్తున్నాయి. కానీ ఆస్పత్రి వార్డులో, ఆపరేషన్ అయిన రోగి పక్కన, ఐసీయూలో చేసే పనికి ఆ చదువు ఉద్దేశించింది కాదు. ఆ పనికి మూడేళ్ల జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) గానీ, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్డ్ నర్సుగా, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్‌గా పేరు నమోదు చేయించుకోవాలి. ఏఎన్ఎంల నమోదు వేరు. అయిదేళ్లుగా మీరు ఒక చదువుకు సంబంధించిన పని ఇంకొక చదువుతో చేస్తున్నారు. ఆవిడకు ఈ మాట ఆవిడకు తెలిసిన పోలికతోనే చెప్పండి: ఇంటికి వైరింగ్ చేయగలిగినవాడు ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కితే ఏమవుతుందో రివైండింగ్ షాపున్న ఇంట్లో ఎవరికైనా అర్థమవుతుంది.

ఇప్పుడు మీ ప్రణాళికలో నాకు ఏ మాత్రం నచ్చని భాగం గురించి. పగలు కాలేజీ, రాత్రి నర్సింగ్ హోమ్ డ్యూటీ అనే ఆలోచనను ఈ రోజే వదిలేయండి. బీఎస్సీ నర్సింగ్ ఇప్పుడు ఎనిమిది సెమిస్టర్ల కోర్సు. థియరీ, ల్యాబ్, వార్డు పోస్టింగులు కలిపి వారానికి దాదాపు 40 గంటలు ఉంటుంది. థియరీకి 80 శాతం హాజరు ఉంటే పరీక్షకు కూర్చోనిస్తారు కానీ, క్లినికల్ హాజరు నూటికి నూరు శాతం పూర్తయితేనే డిగ్రీ ఇస్తారు. తప్పిన రోజులను తరువాత చేసి పూడ్చాల్సిందే. ఎనిమిదో సెమిస్టరు మొత్తం ఇంటర్న్‌షిప్, అప్పుడు వారానికి 48 గంటలు డ్యూటీ. వీటి పైన కేస్ స్టడీలు, కేర్ ప్లాన్లు, రికార్డులు రాసుకోవాలి. రాత్రంతా మేలుకుని, ఉదయం వార్డులో కళ్లు మూసుకుపోతూ నిలబడే విద్యార్థిని వల్ల రోగికి ముప్పే. మందు తెలియక చేసిన పొరపాటు నుంచి బయటపడాలని చదువుతూ, నిద్రలేక పొరపాటు చేసే చోటికి మీరే వెళ్లకూడదు. ఆ జీతం లేదనుకునే ఇల్లు ఎలా నడుస్తుందో చూసుకోవాలి. మీ భర్త ఒప్పుకోకపోవడానికి ఈ ప్రణాళిక కూడా ఒక కారణమేమో ఆలోచించండి. పగలూ రాత్రీ భార్య ఇంట్లో కనిపించని నాలుగేళ్లను మీరు ఆయన ముందు పెట్టారు.

డబ్బు విషయంలో ఆయనకు ఆశలు చూపించవద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బీఎస్సీ పూర్తికాగానే ప్రైవేటు ఆస్పత్రులు పెద్ద జీతాలు ఇస్తాయని చెబితే అది నిజం కాదు. జిల్లా కేంద్రాల్లో మొదటి జీతాలు చూసి నిరాశపడిన అమ్మాయిలు నాకు తెలుసు. నిజంగా మారేది మీ అర్హత. రాష్ట్ర ప్రభుత్వం నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పిలిచినప్పుడు దరఖాస్తు చేసుకోగలుగుతారు. ఎయిమ్స్ సంస్థల కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించే నార్సెట్ పరీక్ష ద్వారా వచ్చే నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగానికి మూలవేతనమే 44,900 రూపాయలు. అయితే ఆ పరీక్షకు సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు, కోర్సు అయ్యేసరికి మీరు సరిగ్గా ఆ అంచున ఉంటారు. మీకు రిజర్వేషన్ కింద సడలింపు వర్తిస్తుందో లేదో ముందే చూసుకోండి. రాష్ట్ర నియామకాల్లో వయోపరిమితి అంతకంటె చాలా ఎక్కువ కాబట్టి అటువైపు తొందర లేదు. నాలుగేళ్లు మోయడం ఇంటికి ఏ విధంగానూ సాధ్యం కాదని తేలితే, మూడేళ్ల జీఎన్ఎం చేసి రిజిస్టర్డ్ నర్సు కావడం తక్కువతనమేమీ కాదు. ఆ తరువాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి డిగ్రీ అందుకోవచ్చు. కానీ కష్టపడి తెచ్చుకున్న కన్వీనర్ సీటు చేతిలో ఉన్నప్పుడు దాన్ని నిలుపుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీకు వర్తిస్తుందా, ప్రభుత్వం నుంచి ఆ డబ్బు ఆలస్యమైతే కాలేజీ మిమ్మల్ని కట్టమంటుందా, యూనిఫాం, పుస్తకాలు, బస్సు, పరీక్ష ఫీజులు ఏడాదికి ఎంతవుతాయి అన్నవి చేరకముందే కాలేజీకి వెళ్లి, వీలైతే మీ భర్తతో కలిసి వెళ్లి, అడిగి కాగితం మీద రాసుకోండి.

సర్టిఫికెట్ల సంగతి ఆలస్యం చేయకండి. ఉద్యోగం ఇచ్చినవారికి మీ ఒరిజినల్స్ పట్టి ఉంచుకునే హక్కు లేదు. ఫలానా తేదీలోగా తిరిగి ఇవ్వమని కాగితం మీద రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద సంతకం, తేదీ తీసుకోండి. ఇవ్వకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా సహాయం దొరుకుతుంది.

ఇక మీ ఆయన అన్న మాట. ‘నన్ను లెక్కచేస్తావా’ అని అడిగిన మనిషి అధికారంతో అడగలేదని నాకు అనిపించింది. ఆయన భయపడుతున్నారు. ఆ భయానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదు. ఒక విషయం గమనించండి: అయిదేళ్లుగా మీరు నైట్ డ్యూటీలకు వెళ్తుంటే అభ్యంతరం చెప్పని ఇల్లు, పగటిపూట కాలేజీకి వెళ్తానంటే వెనకాడుతోంది. డ్యూటీకి వెళ్లిన మీరు అదే మనిషిగా తిరిగి వస్తున్నారు. కాలేజీకి వెళ్లిన మీరు వేరే మనిషిగా వస్తారేమోనని ఆయన దిగులు. దాన్ని మాటతో తీర్చలేరు. అయితే ఇంటి నిర్ణయాల్లో ఆయనకు ఉన్న చోటు చదువుతో మారదని చెప్పండి, ఈ నాలుగేళ్లలో షాపు లెక్కలు, పాప బడి, అత్తగారి మందులు ఎవరెవరు చూసుకోవాలో ఆయనతో కలిసి కూర్చుని పంచుకోండి. చదువు మీ ఒక్కరి సొంత పట్టుదలగా ఉన్నంతకాలం ఆయన దానికి బయటే ఉండిపోతారు.

అత్తగారి విషయంలోనూ అంతే. ‘పాపను నేనొక్కదాన్ని ఎన్నాళ్లు చూడను’ అని ఆమె పైకి అనకపోవచ్చు కానీ, గవర్నమెంటు ఉద్యోగం మాట వెనక అది ఉందేమో అడిగి చూడండి. మీరు నైట్ డ్యూటీలో ఉన్న ప్రతి రాత్రీ పాపను పక్కలో వేసుకున్నది ఆమే అయి ఉంటుంది. రాత్రి డ్యూటీలు మానేస్తున్నానని, చాలా రాత్రులు పాప నా దగ్గరే పడుకుంటుందని చెబితే ఆమెకు చదువు భారంగా కాక కొంత విశ్రాంతిగా కనిపిస్తుంది. పగలు పాప అంగన్‌వాడీకి, వచ్చే ఏడు బడికి వెళ్తుంది. వార్డు పోస్టింగులు ఉదయం త్వరగా మొదలయ్యే వారాల్లో ఎవరు దిగబెట్టాలో, ఎవరు తీసుకురావాలో ముందే మాట్లాడుకోండి.

క్లాసులో పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చోవడం గురించి మీరు అడగలేదు, కానీ ఆ మాట తప్పకుండా వస్తుంది. క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సూది) పెట్టడం మీకు చేయి తిరిగిన పనే, అయినా ప్రాథమిక నర్సింగ్ పాఠాల ఫౌండేషన్స్ ల్యాబ్‌లో చేతులు కడుక్కోవడం దగ్గర నుంచి మళ్లీ నేర్పుతారు, తప్పులు పడతారు. వాటిని మనసుకు తీసుకోకండి. ఇంగ్లిష్‌లో రాయడం మొదటి సెమిస్టర్‌లో కష్టమవుతుంది, కానీ వార్డు మాటలు మీకు అందరికంటె ముందే తెలుసు. మందుల గురించి చెప్పే ఫార్మకాలజీ మూడో సెమిస్టర్‌లో మొదలవుతుంది. ఆ పాఠంలో మందుల రియాక్షన్ల పేజీ వచ్చినప్పుడు మీరు ఎంత శ్రద్ధగా వింటారో నేను ఊహించగలను.

ఈ పన్నెండు రోజుల్లో మొదటి పని ఒకటే. పాప పడుకున్నాక మీ ఆయనను కూర్చోబెట్టి, లెక్కల కాగితం పక్కన పెట్టి, ఆ పెద్దాయన గురించి చెప్పండి. ఫోన్లో ఏం చెప్పారు, మీరు ఏం ఇచ్చారు, ఎక్కడ నిలబడిపోయారు, ఇంటికి వచ్చాక ఎందుకు చెప్పలేకపోయారు – అన్నీ చెప్పండి. మధ్యలో ఏడుపు వస్తే ఆపుకోవద్దు. ఆయన వెంటనే ఏమీ అనకపోతే జవాబు కోసం తొందరపెట్టకండి. మరునాడు ఆయనే అడిగితే, అప్పుడు లెక్కల కాగితం తీయండి. అడగకపోతే రెండు రోజులు ఆగి, కాలేజీ చూసి వద్దాం రమ్మని పిలవండి.